ఆర్మూర్‌లో గాలి తూకం

మా ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేయాలన్న విషయంలో నాకు ఓటు హక్కు లేదు. రిటైరయ్యాక బట్టలు ఆరేసే పని మాత్రం నాకే వచ్చింది. పని నాది, నిర్ణయం మా ఆవిడ విజయది. డాబా మీద మూడు తీగెలున్నాయి. వానలు వెనకపట్టాక తూర్పు తీగె. చలికాలం పొద్దున మెట్ల మీది రేకుల కింద తీగె. ఫిబ్రవరి సగం దాటిందంటే ఏ తీగే కాదు, లోపల వరండాలో కుర్చీల మీద. మొన్న మార్చిలో ఎండ బ్రహ్మాండంగా ఉంది కదా అని నా తెల్ల లుంగీని పడమటి తీగె మీద వేశాను. సాయంత్రం తీసేసరికి అది పెళ్లికొడుకు లుంగీ అయింది.

“నీకు గాలి సంగతి తెల్వదయ్యా,” అంది విజయ, లుంగీని రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తూ.

ముప్పై రెండేళ్లు గాలిని కొలిచి జీతం తీసుకున్న మనిషిని. లుంగీని మళ్లీ బకెట్లో నానేశాను. నా దగ్గర ఆధారాలు సరిపోలేదు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, “సార్, పని ఎట్లుంటది?” అని అడుగుతుంటారు. రూల్స్ పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి అందులో లేనిది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి జుట్టు తెల్లబడ్డట్టే వచ్చాయి, నా ప్రమేయం తక్కువ.

అసలు పని

మాది వేల్పూర్ పక్కన పల్లె. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మా ఇంట్లో పసుపు, మక్కజొన్న తప్ప వేరే కెమిస్ట్రీ లేదు. కాలుష్యం కొలిచే ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెబితే, పెళ్లిచూపుల్లో మా మామగారు నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు.

“గాలిని తూకమేసి ఏం జేస్తరు బిడ్డా? అమ్ముతరా?”

“లేదండి. రాసుకుంటం.”

“రాసుకోని?”

“పైకి పంపుతం.”

“పైన గాలి లేదా మరి?”

పిల్లనిచ్చారు కానీ, ఆ అనుమానం ఆయనకు చివరిదాకా తీరలేదు. నాకు కూడా పూర్తిగా తీరిందని చెప్పలేను.

నిజంగా మేం చేసింది తూకమే. నడుము ఎత్తు రేకు డబ్బా, దాని మీద గుడిసె కప్పులాంటి మూత, లోపల మోటారు. మోటారు తిరిగితే గాలి లోపలికి వస్తుంది. దారిలో నోటుబుక్కు పేజీ అంత తెల్ల కాగితం ఉంటుంది, గాజునారతో చేసింది. గాలి పోతుంది, దుమ్ము కాగితం మీద ఆగుతుంది. పెట్టేముందు కాగితాన్ని తూస్తాం, ఎనిమిది గంటలయ్యాక తీసి మళ్లీ తూస్తాం. పెరిగిన బరువే దుమ్ము. ఎంత గాలి పీల్చిందో దాంతో భాగిస్తే వచ్చే అంకె ఆ ఊరి గాలి జాతకం. ఇంతే. మిగతాదంతా డబ్బాను మేడ మీదికి మోయడం.

ఇప్పుడు గోడ గడియారంలా తగిలించే పరికరాలు వచ్చాయి. ఫోన్‌లోనే రంగులు కనబడతాయి. మంచిదే. కానీ పరికరం ఎంత చిన్నదైనా దాన్ని తగిలించే మేకు ఒక మనిషే కొడతాడు. ఎక్కడ కొట్టాడు, ఎందుకక్కడ కొట్టాడు అని అడగడం మానకండి. మా డబ్బా ఆర్మూర్‌లో ఒక సర్కారు ఆఫీసు మేడ మీద ఉండేది. ఎందుకంటే అక్కడ కరెంటు ఉంది, తాళం ఉంది, కింద చాయ్ హోటలు ఉంది. గాలి కూడా ఉందా అన్నది నాలుగో ప్రశ్న.

ఆర్మూర్ కాలెండర్

మా కాలెండర్‌లో పన్నెండు నెలలు లేవు, నాలుగు వాసనలున్నాయి. వానాకాలం తడి మట్టి. అప్పుడు గాలి కడిగిన పళ్లెంలా ఉంటుంది, మా రిపోర్టులూ కళకళలాడేవి. దసరా దాటాక వరి కొయ్యకాళ్ల పొగ. ముప్కాల్ వైపు నుంచి, డిచ్‌పల్లి వైపు నుంచి, ఎవరి పొలం వాళ్లు ముట్టించుకుంటారు. అందరి పొగా ఒక్క చోటే కలుస్తుంది. చలి పొద్దున అది లేవడానికి బద్ధకించి, ఊరి పక్క గుట్ట బండల నడుమ పరుపేసుకొని పడుకుంటుంది. ఎండలు ముదిరాక రోడ్డు దుమ్ము. నిజామాబాద్ ఇటు పెరుగుతోంది, ఆర్మూర్ అటు పెరుగుతోంది. మధ్యలో పొలాలన్నీ హద్దురాళ్లు పాతుకొని ప్లాట్లయ్యాయి. టిప్పరు పోయిన ప్రతిసారీ ఒక ప్లాటు గాల్లో ఎగిరి పక్క ప్లాటులో వాలుతుంది. రిజిస్ట్రేషన్ ఉండదు.

చలికీ ఎండకీ నడుమ పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ముల్లో వేసి గిరగిరా తిప్పుతారు. పైపొట్టు రాలి కొమ్ము నిగనిగలాడితే మార్కెట్‌లో ధర పలుకుతుంది. రాలిన పొట్టు ఎటు పోతుంది? దానికి ధర లేదు కాబట్టి ఎవరూ అడగరు. నేను చూసిన డ్రమ్ములకు చుట్టూ పరదా ఉండేది కాదు. ఉన్నా అది ఎండకు కట్టిందే.

మా ఊళ్లో పసుపు దుమ్మును ఎవరూ దుమ్ము అనరు. మీద పడితే శుభం అంటారు. నేనూ పసుపు మళ్లల్లో పుట్టినవాణ్ణే. పొగ వాసన వస్తే నా చెయ్యి జేబులోని రుమాలు మీదికి పోయేది. పసుపు వాసన వస్తే మా అమ్మ గుర్తొచ్చేది. ఇది నా వృత్తికి పనికొచ్చే గుణం కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

సరాసరి సారు

నాకు దొరికిన పై అధికారుల్లో ఒకాయన్ని చాటుగా సరాసరి సారు అనేవాళ్లం. ఆయనకు ఒక రోజు అంకె అంటే నమ్మకం లేదు, ఏడాది సరాసరి అంటే ప్రాణం. మార్చిలో తుమ్మినవాడికి జూలై గాలి చూపించి శాంతపరచడం ఆయన విద్య. చెడ్డవాడేమీ కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే పక్కవాడికి పెట్టకుండా తినేవాడు కాదు. ఎవరితోనూ తగాదా పడకుండా రిటైరవ్వాలన్నది ఆయన ఏకైక కోరిక. సరాసరి అందుకు బాగా పనికొచ్చేది.

ఒకసారి ఆయన పన్ను నొప్పితో చెంప పట్టుకొని కూర్చున్నాడు. “ముప్పై రెండింట్లో ముప్పై ఒకటి బాగున్నాయి కదా సార్, సరాసరి సంతృప్తికరమే,” అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ నెల నా సెలవు మంజూరు కాలేదు.

ఆయన మా ఆఫీసుకు వచ్చిన కొత్తలో నాకు నేర్పిన సూత్రం ఇంకొకటుంది: “ముక్కు సాక్ష్యం చెల్లదయ్యా. అంకె చూపించు.” వినడానికి అది శాస్త్రంలా ఉంది. బోర్డు రాసి తగిలించుకున్నంత గర్వంగా నేను దాన్ని ఊరూరా తిప్పాను. సూత్రం తప్పు కూడా కాదు. ముక్కుతో కేసు గెలవలేం. కాకపోతే ఎటు చూడాలో మొదట చెప్పేది ముక్కే. ఆ సగాన్ని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సాయిలు భక్తి

డబ్బా ఉన్న ఆఫీసుకు వాచ్‌మన్ సాయిలు. అప్పటికే యాభై దాటిన మనిషి. తెల్ల ధోతి, భుజం మీద కండువా. ఆయన ఊడ్చిన మేడ మీద అన్నం పెట్టుకొని తినొచ్చు. నిబంధన ప్రకారం కాగితం రోజుకు మూడుసార్లు మార్చాలి, మార్చాల్సింది నేను. నేను పొద్దున మొదటి కాగితం పెట్టి నిజామాబాద్ బస్సెక్కేవాణ్ణి. తక్కిన మార్పులు సాయిలు చేసేవాడు. తీసిన కాగితాన్ని కవర్లో పెట్టి, టైము రాసి, రబ్బరు బ్యాండు వేసి ఉంచేవాడు. మర్నాడు నేను తెచ్చుకునేవాణ్ణి. అంత పద్ధతిగల మనిషి దొరికినందుకు మురిసిపోయాను. బద్ధకానికి నమ్మకం అని పేరు పెట్టుకోవడం మా తరంలో ఉండేది. మీ తరం సంగతి నాకు తెలియదు.

ఒక ఏడాది అక్టోబరులో ఒక అంకె ఆకాశానికెక్కింది. ఆ ఒక్కరోజు ఆర్మూర్ గాలి సిమెంటు ఫ్యాక్టరీ లోపలి గాలికన్నా అన్యాయంగా ఉంది. కారణం చెప్పమని సరాసరి సారు కాగితం పంపాడు. నేను మేడెక్కాను.

“సాయిలన్నా, దసరా నాడు ఇక్కడ ఏమన్న కాలిందా?”

“ఏం కాలలే సార్. ఎందుకు?”

“కాగితం మీద మస్తు దుమ్ము పడ్డది.”

“అది దుమ్ము గాదు సార్, పసుపు కుంకుమ. ఆయుధపూజ జేసిన. కింద జీపుకు జేసిరి, కంప్యూటర్‌కు జేసిరి. మన డబ్బకు జెయ్యకుంటె మంచిగుంటదా? నాలుగు దిక్కుల బొట్లు వెట్టి మీదికెల్లి జరంత చల్లిన.”

“మోటారు నడుస్తుండంగనా?”

“నడుస్తుంటెనే గదా సార్, పాణమున్నట్టు.”

కారణం అన్న గడిలో ‘స్థానిక పరిస్థితులు’ అని రాశాను. సరాసరి సారు ఆ అంకెను కొట్టేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కథ చెప్పి నేను చాయ్‌లు తాగాను. బొట్లు డబ్బా కాళ్లకు పెట్టుకోమని సాయిలుకు చెప్పి దిగొచ్చాను. అడగవలసిన రెండో ప్రశ్న అడగలేదు: భక్తితో ఇంకా ఏమేం చేస్తున్నావు అని.

గుడ్డు రంగు

ఇక ఎందుకు ఇదంతా రాస్తున్నానో ఆ సంగతి.

ఊరి అంచున కొత్తగా వెలసిన కాలనీలో ఒక అంగన్‌వాడీ ఉండేది. ఒకే గది, ముందు రేకుల పంచ. టీచరు పేరు గంగామణి. ఆ గది వెనక గోడ అవతల భూమన్న పసుపు డ్రమ్ములు రెండు. నిజం చెప్పాలంటే ముందు వచ్చినవి డ్రమ్ములే. భూమన్న వాటిని పెట్టినప్పుడు అది చేను. తర్వాత చేను ప్లాటైంది, ప్లాటు ఇల్లైంది, ఇళ్లల్లో పిల్లలు పుట్టారు, పిల్లలకు అంగన్‌వాడీ వచ్చింది. పెరిగే ఊళ్లల్లో తప్పు ఎవరిదని అడిగితే జవాబు కాలెండర్ చెప్పాలి.

డ్రమ్ములు అక్కణ్ణుంచి తీయించమని గంగామణి అర్జీ పెట్టింది. మండల ఆఫీసులో మీటింగు పెట్టి, మార్చి నెల రిపోర్టుతో నన్ను రమ్మన్నారు. వెళ్లాను. భూమన్న ఇస్త్రీ చొక్కాతో ముందు కుర్చీలో ఉన్నాడు. గంగామణి రిజిస్టరు పట్టుకొని నిలబడి ఉంది.

“ఏమంటది మీ మిషన్?” అని అధికారి అడిగాడు.

“సంతృప్తికరం సార్,” అన్నాను. ఆ మాట నా నోటికి అలవాటు.

భూమన్న లేచాడు. “సార్, నేను డ్రమ్ములు వెట్టిన్నాడు గాడ కుక్క గూడ లేకుండె. అయినా సరే, మిషన్ ఏమంటదో ఇందాం అన్న. సార్ చెప్పిండు గదా. దసరాకు ఒక్కపారి పెరిగిందట, ఊరంత చెప్పుకొని నవ్విండ్రు. దసరాకు నా డ్రమ్ములు బందుంటయ్. పసుపు సీజన్ల గాలి సాఫుంది. ఇగ నాదేం తప్పు?”

తర్కంలో లోపం లేదు. నేను తలూపాను కూడా.

గంగామణి అధికారితో కాకుండా నాతో మాట్లాడింది. “సార్, మా పిలగాండ్లకు గుడ్డుల తెల్లది ఉంటదని తెల్వది. పొట్టు దీసి పళ్లెంల వెట్టి, చేతులు గడిగిచ్చి కూసుండవెట్టెటాల్లకు పైన గూడ పచ్చగైతది. లోపట సొన, బయట సొన.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగా చెప్పింది మరి. ఆమె మాత్రం నవ్వలేదు.

“నవ్య అని నాలుగేండ్ల పిల్ల ఉన్నది. దాని తల్లి లావణ్య గా డ్రమ్ముల కాడ్నే పనిజేస్తది. పొద్దుగాల పొల్లను నాకిచ్చి గోడ అవుతలికి పోతది. దగ్గి దగ్గి పొల్ల అన్నం గూడ కక్కుతున్నది. ఒక్కపారి పదకొండు గంటలకు అచ్చి నా పంచల నిలవడుండ్రి సార్. ఒక్క పది నిమిషాలు.”

“అట్ల చూస్తే చెల్లదమ్మా,” అన్నాను. “ముక్కు సాక్ష్యం పనికిరాదు. అంకె కావాలె.”

“మంచిది సార్,” అంది. “అంకె మీ తాన ఉన్నది, దగ్గు మా తాన ఉన్నది.”

డ్రమ్ములు ఉన్నచోటనే ఉండొచ్చని మీటింగులో తేలింది. ఆ సీజనూ తిరిగాయి, మరుసటి ఏడాది సీజనూ తిరిగాయి. మండల ఆఫీసు నుంచి అంగన్‌వాడీకి నడిస్తే పది నిమిషాలు. నా బస్సుకు అప్పుడు అరగంట టైముంది. చాయ్ తాగాను.

తగ్గిన బరువు

రెండో సీజన్లో మా ల్యాబులో ఒక వింత జరిగింది. ఆర్మూర్ నుంచి వచ్చిన ఒక కాగితం, వాడకముందు ఉన్న బరువుకన్నా వాడాక తక్కువ తూగింది. ఎనిమిది గంటలు గాలి పీల్చి కాగితం చిక్కిపోయిందన్నమాట. తూకం వేసే మా మిత్రుడు, “మీ ఊరి గాలి దుమ్ము ఇవ్వకపోగా కాగితాన్నే కొరికింది,” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. గడిలో ‘నమోదు కాలేదు’ అని రాశాం. అలాంటి కాగితాలు ఆ నెలలో ఇంకో రెండు వచ్చాయి. అంచుల్లో నారలు లేచి ఉన్నాయి, మధ్యలో కాస్త పచ్చగా ఉంది. ఆర్మూర్ కదా, పచ్చగా ఉండక ఎర్రగా ఉంటుందా అనుకున్నాం.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటుంటే ఇదే. ఎక్కువ వచ్చిన అంకెను అందరూ అనుమానిస్తారు. ఎవరో ఒకరు కారణం అడుగుతూ కాగితం పంపుతారు. తక్కువ వచ్చిన అంకె మీద ఎవరూ కాగితం పంపరు. కాబట్టి దాని గురించి మీకు మీరే కాగితం పంపుకోవాలి. జరగడానికి వీల్లేనిది జరిగిందని తూకం మూడుసార్లు చెప్పింది, నేను మూడుసార్లు నవ్వాను.

నిజం నాకు దొరికింది పరిశోధన వల్ల కాదు, బస్సు తప్పిపోవడం వల్ల. ఒకరోజు హైవే మీద లారీ అడ్డం పడి బస్సులు ఆగిపోయాయి. నీడకు మళ్లీ మేడెక్కి నీళ్ల ట్యాంకు వెనక కూర్చున్నాను. రెండింటికి సాయిలు వచ్చాడు. మోటారు ఆపాడు. మూత తీశాడు. కాగితాన్ని రెండు చేతులతో, గుళ్లో ప్రసాదం తీసుకున్నట్టు తీశాడు. అది చిక్కటి పసుపులో ఉంది, మధ్యలో నల్లటి పొగ చార. పిట్టగోడ దగ్గరికి పోయి దాన్ని గోడకేసి టప్ టప్ మని రెండుసార్లు దులిపాడు. ఒక పచ్చటి మబ్బు లేచి తాపీగా ఊరి మీదికి పోయింది. తర్వాత భుజం మీది కండువా తీసి, కాగితాన్ని తుడిచాడు. అద్దం తుడిచినట్టు, మూలలతో సహా.

తలెత్తి నన్ను చూశాడు. “అరె, పోలేదా సార్?”

“ఏం జేస్తున్నవ్ సాయిలన్నా?”

“సాఫ్ జేస్తున్న సార్. మీరు దీన్ని నిజామాబాద్ దాంక కొంటవోవాలె, పెద్ద సార్లు చూడాలె. గింత మురికిగ ఇస్తే మన ఆర్మూర్ ఇజ్జత్ ఏంగావాలె?”

లేచి దగ్గరికి పోయాను. “ఎప్పటిసంది?”

“మొదటిసంది. ఫికర్ జెయ్యకుండ్రి సార్, ఒక్కపూట గూడ మర్వలే.” నిజాయితీగా ఇంకో మాట కలిపాడు. “గా దసరా నాడు ఒక్కనాడే దులపలే. దేవుని పసుపు గదా, దులపొద్దు.”

డబ్బా పెట్టి అప్పటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఆర్మూర్ కాగితాన్ని దులపకుండా మేం తూచింది ఒకే ఒక్కరోజు. దాన్నే కొట్టేశాం.

సాయిలును నేను కోప్పడలేదు. ఆరేళ్లలో ఆ కాగితం దేనికో ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు. కాగితం మార్చమన్నాను, మార్చాడు. చూసేవాళ్లకు మురికి వస్తువు ఇవ్వకూడదని ఆయనకు వాళ్లమ్మ నేర్పింది. దుమ్మే మాకు కావాలని నేను నేర్పాల్సింది. ట్యాంకు పక్కన కూర్చొని అప్పుడు చెప్పాను. మా మామగారికి చెప్పినంత బాగా చెప్పానో ఏమో, సాయిలు చేతిలోని కండువా విప్పి పచ్చ మరకలు చూసుకున్నాడు. తర్వాత, “అయితె గా టీచరమ్మ చెప్పింది నిజమేనా సార్?” అన్నాడు. మీటింగు రోజు మండల ఆఫీసుకు చాయ్ మోసింది ఆయనే.

మరమ్మతు

మర్నాడే సరాసరి సారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టాడు. “ఆరేళ్లు తప్పు రాశామని రాస్తే ఆరేళ్లకు కారణం చెప్పాలి. మిషన్ చెడిపోయింది, మరమ్మతు చేయించాం అని రాయి. ఇప్పుడు మళ్లీ కొలువు. పని అవుతుంది కదా?”

పని అవుతుంది. అదే ఆ సలహాలోని తీపి. మిషన్ చెడిపోయిందని రాశాను, సంతకం చేశాను. మిషన్ ఏమీ అనుకోలేదు.

డబ్బాను అంగన్‌వాడీ పక్కింటి మేడ మీద పెట్టాం. మూడు వారాలు నేనే అక్కడ ఉండి, నేనే కాగితాలు మార్చాను. మొదటిరోజు పదకొండు గంటలకు గంగామణి పంచలో నిలబడ్డాను. పది నిమిషాలు అక్కర్లేదు. నాలుగో నిమిషానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, ఆరో నిమిషానికి మళ్లీ. గోడ అవతల డ్రమ్ము తిరుగుతుంటే ఇవతల నేలమీద పిల్లల అడుగులు అచ్చుగుద్దినట్టు పడుతున్నాయి. నవ్య గుమ్మంలో, గాలి కాస్త తక్కువున్న చోట కూర్చొని ఉంది. ఆ చోటు ఆ పిల్ల తనే వెతుక్కుంది. నా డబ్బాను ఆరేళ్లు ఎక్కడ పెట్టానో నాకు గుర్తొచ్చింది.

ఈసారి ‘సంతృప్తికరం’ అన్న మాట రాయవలసిన అవసరం రాలేదు. మళ్లీ మీటింగు పెట్టారు. భూమన్న అంకె చూసి ఎక్కువ వాదించలేదు. “మిషన్ బాగైందా ఏంది?” అని మాత్రం అన్నాడు. ఆ సీజన్ పని ఎలాగూ అయిపోయింది. మరుసటి ఏడాదికి డ్రమ్ములు ఊరి బయటికి, మక్కచేల అవతలికి పోయాయి. మొన్న అటు పోతే అక్కడా హద్దురాళ్లు కనిపించాయి. ఒక వెంచర్ గేటు కూడా ఉంది, పేరులో ‘గ్రీన్’ ఉంది.

డ్రమ్ములు తరలిపోయిన వారంలో గంగామణి నాకు ఒక గుడ్డు ఒలిచి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. తెల్లగా ఉంది. “గీపారి మిషన్ మంచిగ బాగుజేసిండ్రు సార్, మీ పున్నెం,” అంది.

గుడ్డు తిన్నాను. పుణ్యం కూడా తీసుకున్నాను.

మొన్న

నేను రిటైరై రెండేళ్లయింది. సాయిలు నాకన్నా ముందే దిగిపోయాడు. ముప్కాల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఈమధ్య చూసిపోదామని వెళితే, నాకు నీళ్లిచ్చే ముందు గ్లాసును ఆ కండువాతోనే తుడిచాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకొని నవ్వుకున్నాం.

లుంగీ పచ్చబడ్డ మర్నాడు నాకేమీ తోచక అంగన్‌వాడీ దాకా నడిచాను. గంగామణికి జుట్టు నెరిసింది. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉందట. పంచలో కూర్చొని గుడ్లు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. మాటల్లో నవ్య సంగతి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. చదువు బాగుంది, చలికాలమూ పసుపుకాలమూ మాత్రం కష్టం. కంపాస్ బాక్సులో వృత్తలేఖిని పక్కన ఊపిరి మందు పెట్టుకొని బడికి పోతుందట.

“డాక్టర్ ఏమన్నడంటె,” అంది గంగామణి, “చిన్నప్పుడు గా రెండేండ్లు పీల్చకుంటె గింతగనం కాకపోవు అన్నడు. ఏంజేస్తం సార్. మిషన్ ఖరాబుండె. ఎవల తప్పని అంటం?”

మిషన్ మంచిగానే ఉందని చెప్పాను. కాగితాలు దులిపిన సంగతి, తూకం తగ్గినా మేం నవ్వుకున్న సంగతి, నేను పొద్దున బస్సెక్కిన సంగతి, మిషన్ చెడిపోయిందని రాసి సంతకం పెట్టిన సంగతి, ఒక్కొక్కటి చెప్పాను. సాయిలును కాపాడుతూ చెప్పాను. నన్ను కూడా కొంచెం కాపాడుకున్నాననుకుంటా. డబ్బాకు తెలివి ఉండదు కదా, పెట్టిన కాగితం చెప్పిందే చెబుతుంది, అంకె లేకుండా మేం మాట్లాడకూడదు కదా అన్నాను.

గంగామణి గుడ్లు ఒలవడం ఆపలేదు. చేతిలో ఉన్నది పూర్తిగా ఒలిచి, నీళ్లలో ముంచి, పళ్లెంలో పెట్టింది. అప్పుడు నా వైపు చూసింది.

“డబ్బకు ముక్కు లేదు సార్, సరే. మీకుండె గదా?”